అమెరికా రాజ్యాంగం చదువుదాం – 4వ పాఠం: పెన్సిల్ పట్టుకుని చదవడం

పోయిన పాఠంలో ఏడు ఆర్టికల్స్ పైపైన చూశాం. మొదటిది కాంగ్రెస్ గురించి (అంటే సెనేట్, ప్రతినిధుల సభ కలిసిన అక్కడి పార్లమెంటు), రెండోది అధ్యక్షుడి గురించి, మూడోది కోర్టుల గురించి అని మీకు ఇప్పుడు తెలుసు. ఇంటికిచ్చిన పనిలో "సెనేటర్లను ఎవరు ఎన్నుకుంటారు?" అన్న ప్రశ్న కావాలనే పెట్టాను. మొదటి ఆర్టికల్ మూడో సెక్షన్ తెరిచినవాళ్లకు జవాబు ఎదురుగానే కనబడి ఉంటుంది: రాష్ట్ర శాసనసభ. మన రాజ్యసభ గుర్తొచ్చి, "ఓహో, ఎమ్మెల్యేలు ఓటేసినట్టే కదా" అని ధీమాగా రాసి కూడా ఉంటారు.

ఆ జవాబు తప్పు. 1913 నుంచీ తప్పు.

సిగ్గుపడక్కర్లేదు, నేనూ అక్కడే బోల్తా పడ్డాను. డాలస్‌లో ఉండే స్నేహితుడికి ఫోన్లో సెనేట్‌కూ రాజ్యసభకూ పోలికలు చెబుతూ పావుగంట దంచాను. అంతా ఓపిగ్గా విని, "మరి నేను మొన్న సెనేటర్‌కి ఓటేసి వచ్చానే, అదేంటి?" అన్నాడు.

నేను చదివిన పుస్తకంలో అచ్చుతప్పేమీ లేదు. నాకు ఆ పుస్తకం చదివే పద్ధతి తెలియలేదు, అంతే.

మన రాజ్యాంగానికి సవరణ చేస్తే, ఆ మార్పు వెళ్లి ఆర్టికల్ లోపలే కూర్చుంటుంది. పాత మాట తీసేస్తారు, కొత్త మాట పెడతారు, ఏ సవరణతో మారిందో అడుగున చిన్న అక్షరాల్లో వేస్తారు. మనవాళ్లందరి నోళ్లలో నలిగిన 371-డి సంగతే తీసుకోండి. 1973 నాటి 32వ సవరణ దాన్ని తెచ్చి నేరుగా 371 వరుసలో పెట్టింది. దాని కోసం ఎవరూ పుస్తకం చివరికి వెళ్లక్కర్లేదు. అమెరికాలో అలా కాదు. 1787లో ఫిలడెల్ఫియాలో రాసిన పాఠం అక్షరం మారకుండా అలాగే ఉంటుంది. మార్పులన్నీ చివర 1 నుంచి 27 దాకా తోకలా అంటించి ఉంటాయి. ముందు పేజీలో రద్దయిపోయిన వాక్యం కూడా బతికున్నదానిలాగే ధీమాగా నిలబడి ఉంటుంది.

ఇది అనుకోకుండా జరిగింది కాదు. 1789లో మొదటి సవరణలు చర్చకు వచ్చినప్పుడు వర్జీనియా ప్రతినిధి జేమ్స్ మాడిసన్ వాటిని అసలు పాఠంలోనే ఎక్కడికక్కడ అల్లాలన్నాడు, మనం తర్వాత చేసినట్టే. కనెక్టికట్ ప్రతినిధి రోజర్ షెర్మన్ ఒప్పుకోలేదు. అలా చేయడమంటే ఇత్తడినీ ఇనుమునూ మట్టినీ కలిపి ముద్ద చేసినట్టేనని అతని వాదన. ఆ ఆగస్టులో మొదట మాడిసన్ మాటే నెగ్గింది. వారం తిరక్కుండానే సభ మనసు మార్చుకుని షెర్మన్ వైపు మొగ్గింది. చదివేవాడి కోణంలో చూస్తే మాడిసన్ చెప్పిందే సుఖం అని నాకనిపిస్తుంది. కానీ షెర్మన్ పుణ్యమా అని ఏది ముందో, ఏది తర్వాతో, ఎవరు దేన్ని మార్చారో అన్నీ పేజీ మీద కళ్లకు కనబడతాయి. చరిత్ర చదువుకునేవాళ్లకు అది పండగే.

అందుకే ఈ పాఠానికి కావలసిన సామాను ఒక ప్రింటవుటు, ఒక పెన్సిల్. పెన్ను వద్దు. పాత వాక్యం మీద సన్నగా గీత గీయండి, కింది అక్షరాలు కనబడాలి. పక్కన మార్జిన్‌లో దాన్ని మార్చిన సవరణ నంబరు వేయండి. తర్వాత ఆ సవరణ దగ్గరికి వెళ్లి, అక్కడి మార్జిన్‌లో పాత ఆర్టికల్, సెక్షన్ నంబర్లు వేయండి. రెండు వైపులా గుర్తు ఉండాలి, లేకపోతే నెల తర్వాత మళ్లీ వెతుక్కోవాల్సిందే.

సెనేట్‌తోనే మొదలుపెడదాం. పాత వాక్యం సారం ఇది: ప్రతి రాష్ట్రం నుంచి ఇద్దరు సెనేటర్లు, ఆ రాష్ట్ర శాసనసభ ఎంచుకున్నవాళ్లు, ఆరేళ్ల పదవి, ఒక్కొక్కరికి ఒక ఓటు. ఇప్పుడు 1913లో వచ్చిన 17వ సవరణ తెరవండి. అదే వాక్యం! ఇద్దరు, ఆరేళ్లు, ఒక ఓటు, అన్నీ అవే. "శాసనసభ" ఉన్న చోట "ప్రజలు" వచ్చింది, "ఎంచుకున్న" బదులు "ఎన్నుకున్న" వచ్చింది. రాసినవాళ్లు పాత వాక్యాన్ని పక్కన పెట్టుకునే కొత్తది రాశారని తెలిసిపోతోంది. కాబట్టి మీరు గీత గీయాల్సింది ఆ నాలుగు మాటల మీదే, వాక్యం మొత్తం మీద కాదు. మార్జిన్‌లో "స–17".

మార్పు ఎందుకొచ్చిందో కూడా ఒక ముక్క తెలిస్తే గుర్తుంటుంది. శాసనసభల్లో పార్టీలు పంతాలకు పోయి, ఎవరినీ ఎన్నుకోకుండానే సమావేశాలు ముగించేవి. డెలావేర్‌కైతే 1901 నుంచి 1903 దాకా సెనేట్‌లో ఒక్క మనిషి కూడా లేడు. లంచాల గొడవలు సరేసరి.

రెండో ఉదాహరణ బరువైనది, నెమ్మదిగా చదవండి. మొదటి ఆర్టికల్ రెండో సెక్షన్‌లో మూడో పేరా. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో జనాభాను బట్టి తేల్చాలి. జనాభా లెక్క ఎలా? స్వేచ్ఛగా ఉన్నవాళ్లందరూ, వాళ్లకు తోడు "మిగతా వ్యక్తులందరిలో అయిదింట మూడు వంతులు". ఈ మిగతా వ్యక్తులు ఎవరు? బానిసలు. ఆ మాట 1787 పాఠంలో ఎక్కడా వాడలేదు, వెతికి చూడండి. అదే పేరాలో "పన్ను కట్టని ఇండియన్లు" అని ఉంటుంది. మనం కాదు, అక్కడి ఆదివాసులు.

లెక్క వేసి చూద్దాం. ఒక రాష్ట్రంలో స్వేచ్ఛగా ఉన్నవాళ్లు 3 లక్షలు, బానిసలు 1 లక్ష అనుకోండి. సీట్ల కోసం ఆ రాష్ట్ర జనాభా 3,60,000. ఓటు లేని మనుషుల తలలు లెక్కపెట్టి, వాళ్లను సంకెళ్లలో ఉంచినవాళ్లకే అదనపు సీట్లు ఇచ్చారు. "మూడు వంతులే లెక్కించారు, ఎంత అవమానం" అని చాలామంది అంటుంటారు. కానీ పూర్తిగా లెక్కించి ఉంటే లాభం యజమానులకే ఇంకా ఎక్కువ. ఇది పట్టుకోకపోతే ఈ పేరా అర్థం కాదు.

1865లో 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. ఇక "మిగతా వ్యక్తులు" అనే వర్గమే లేదు. అంటే అందరూ పూర్తి తలలే. మన ఉదాహరణలోని రాష్ట్రానికి ఇప్పుడు 4 లక్షలు. చూశారా మెలిక? అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్లకు ఓటు ఇవ్వకుండానే, వాళ్ల తలల పేరు చెప్పి మునుపటికన్నా ఎక్కువ సీట్లతో తిరిగి రావచ్చు. అందుకే 1868లో వచ్చిన 14వ సవరణ రెండో సెక్షన్ రెండు పనులు చేసింది. మనుషులందరినీ పూర్తిగా లెక్కించమంది. 21 ఏళ్లు నిండిన మగ పౌరులకు ఓటు నిరాకరిస్తే ఆ మేరకు సీట్లలో కోత పడుతుందని బెదిరించింది. ఆ కోత ఏనాడూ ఏ రాష్ట్రం మీదా పడలేదు, అది వేరే విషాదం.

ఇక్కడ మార్జిన్‌లో రెండు నంబర్లు వేయాలి: "స–13, స–14". ఒకటి ఆ పేరాకు అర్థం లేకుండా చేసింది, రెండోది దాని చోటులో కొత్త లెక్క పెట్టింది.

అధ్యక్షుడి ఎన్నిక గురించి రెండో ఆర్టికల్‌లో ఉన్న పొడుగాటి పేరా మొత్తం కొట్టేయొచ్చు. రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ని ఎన్నుకునేవాళ్లు ఎలక్టర్లు. ఆ పేరాలో ఒక్కో ఎలక్టర్‌కు రెండు ఓట్లు, రెండూ అధ్యక్ష పదవికే. 1800 ఎన్నికల్లో ఒకే పార్టీకి చెందిన జెఫర్సన్‌కూ బర్‌కూ సరిగ్గా 73 చొప్పున వచ్చి కూర్చున్నాయి. ప్రతినిధుల సభ 36 సార్లు ఓటింగ్ పెడితే గానీ తేలలేదు. 1804లో 12వ సవరణ వచ్చి అధ్యక్షుడికీ ఉపాధ్యక్షుడికీ వేరువేరు ఓట్లు పెట్టింది. మార్జిన్‌లో "స–12".

సవరణను సవరణే కొట్టేసిన సందర్భం కూడా ఒకటుంది. మద్యనిషేధం తెచ్చిన 18వది (1919), దాన్ని రద్దు చేసిన 21వది (1933). రద్దయ్యాక కూడా 18వది తన చోట తాను అచ్చవుతూనే ఉంది. 1933 పేజీ దాకా చదివితే సరే, 1919 పేజీ దగ్గర ఆగిపోతే మాత్రం అమెరికాలో బీరు దొరకదనుకుంటారు.

అలాగని ప్రతి సవరణకూ ముందు పేజీల్లో కొట్టేయడానికి వాక్యం దొరుకుతుందని అనుకోకండి. మొదటి పది, అంటే 1791 నాటి హక్కుల పత్రం, ఏ వాక్యాన్నీ తీసేయలేదు, ప్రభుత్వం చుట్టూ కంచె వేసింది. ఇంకొన్నిటికి గురి రాజ్యాంగ వాక్యం కాదు, సుప్రీంకోర్టు తీర్పు. ఒక రాష్ట్రం మీద వేరే రాష్ట్రం మనిషి దావా వేయొచ్చని కోర్టు 1793లో జార్జియా కేసులో చెబితే, 11వ సవరణ ఆ దారి మూసింది. ఆదాయపు పన్ను చట్టాన్ని కోర్టు 1895లో కొట్టేస్తే, 16వ సవరణ మళ్లీ తలుపు తీసింది. నల్లవాళ్లు పౌరులు కాలేరన్న 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పుకు జవాబు 14వ సవరణ మొదటి వాక్యం. అలాంటి చోట్ల మార్జిన్‌లో తీర్పు పేరు, సంవత్సరం రాసుకోండి.

సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి తయారయ్యే మనవాళ్లు "సవరణలెన్ని? 27" అని బట్టీ పట్టేస్తారు. పరీక్షకు అది చాలు. ఈ పాఠానికి చాలదు.

వచ్చే పాఠం లోపు ఈ మూడూ చేయండి.

మొదటి ఆర్టికల్ నాలుగో సెక్షన్‌లో కాంగ్రెస్ డిసెంబరు మొదటి సోమవారం సమావేశం కావాలని ఉంది. ఇప్పుడు జనవరిలో మొదలవుతోంది. మార్చిన సవరణ ఏది, అందులో ఏ సెక్షన్?

14వ సవరణ రెండో సెక్షన్‌లో "మగ" అన్న మాట, "21 ఏళ్లు" అన్న మాట వెతికి పట్టుకోండి. మగ అన్న మాట రాజ్యాంగంలోకి రావడం అదే మొదటిసారి. ఈ రెంటి పక్కన చెరో నంబరు పడాలి.

మూడోది కాస్త తిప్పలు పెడుతుంది. 12వ సవరణలో "మార్చి నాలుగు" అనే తేదీ ఉన్న వాక్యం ఒకటి దాక్కుని ఉంది. దాని మీద గీత పడాలి. ఏ సవరణ, ఎందుకు? జనవరి 20న ప్రమాణ స్వీకారం టీవీలో చూసినవాళ్లకు సగం జవాబు ఇప్పటికే తెలుసు.