తక్కువ జీపీఏతో అమెరికాలో మెడికల్ సీటు: లోపం ఎక్కడుంది, ఎలా సరిదిద్దుకోవాలి

అమెరికాలో డాక్టర్ కావాలనుకునే విద్యార్థి ముందు నాలుగేళ్ల డిగ్రీ చదివి, ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, ఆ తర్వాతే మెడికల్ కాలేజీకి దరఖాస్తు చేసుకోవాలి. ఇక్కడి ఎండీ మన దగ్గరి పీజీ ఎండీ లాంటిది కాదు. ఎంబీబీఎస్ స్థానంలో ఉండే తొలి వైద్య పట్టా అది. డీవో (ఆస్టియోపతిక్ వైద్య పట్టా) కూడా వైద్యం చేయడానికి పూర్తి అర్హతనిచ్చే పట్టాయే. ఇటీవలి సంవత్సరాల్లో ఎండీ కోర్సులో చేరుతున్నవారి సగటు జీపీఏ (గరిష్ఠం 4.0గా లెక్కించే డిగ్రీ గ్రేడ్ల సగటు) 3.8కి, సగటు ఎంక్యాట్ స్కోరు 512కి దగ్గరగా ఉంటోంది. డిగ్రీలో 3.2, 3.3 తెచ్చుకున్న పిల్లలూ వారి తల్లిదండ్రులూ ఈ అంకెలు చూసి కుంగిపోవడం నేను ఏటా చూస్తున్నాను. కొంతకాలంగా వారాంతాల్లో మన తెలుగు కుటుంబాల పిల్లల దరఖాస్తులు చదివి పెడుతున్నాను కనుక ఒక మాట గట్టిగా చెప్పగలను. మార్కులు ఎందుకు తగ్గాయో తేల్చుకోకుండా, ఎవరో చెప్పిన కోర్సులో అప్పు చేసి చేరడం వల్లనే వీరిలో ఎక్కువమంది విలువైన ఏళ్లు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈ వ్యాసంలో ముందు లక్షణం, తర్వాత కారణం, ఆపైన పరిష్కారం చెబుతున్నాను.

సమస్య 1: డిగ్రీ పూర్తయింది, జీపీఏ మాత్రం 3.2 దగ్గర ఆగిపోయింది

కారణం తెలియాలంటే ఆ ఒక్క అంకె చాలదు. ఎండీ కాలేజీల ఉమ్మడి దరఖాస్తు విధానమైన ఆమ్‌క్యాస్ మీ గ్రేడ్లను ఏడాది వారీగా విడదీసి చూపిస్తుంది: మొదటి, రెండో, మూడో, నాలుగో సంవత్సరాలు, డిగ్రీ తర్వాత చదివిన కోర్సులు, మొత్తం, విడిగా మాస్టర్స్. ప్రతి వరుసలోనూ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపిన సైన్స్ జీపీఏ ఒక గడిలో, మిగిలిన సబ్జెక్టులు మరో గడిలో ఉంటాయి. దరఖాస్తు చదివేవారి కన్ను ముందు పడేది ఈ పట్టిక మీదే.

ఒక అమ్మాయి తన ట్రాన్‌స్క్రిప్టు (కాలేజీ ఇచ్చే గ్రేడ్ల పత్రం) తెచ్చి మా భోజనాల బల్ల మీద పరిచింది. సైన్స్ కోర్సులకు ఎర్ర పెన్సిల్, మిగిలినవాటికి నీలం పెన్సిల్ పెట్టి ఇద్దరం గంటసేపు గీతలు గీశాం. నీలం గీతల పక్కన దాదాపు అన్నీ ఏ (A) గ్రేడ్లే. ఎర్ర గీతలు మాత్రం రెండో సంవత్సరంలో ఒక్కసారిగా సీ (C) గ్రేడ్లకు దిగి, మూడో సంవత్సరం చివర మళ్లీ బీ ప్లస్‌కు ఎక్కాయి. ఆ రెండో సంవత్సరం వారానికి ఎన్ని గంటలు పనిచేశావమ్మా అని అడిగితే, "రాత్రి షిఫ్టు ఫార్మసీలో ముప్పై గంటలు, ఆంటీ" అంది. ఆ అమ్మాయికి చదువు రాక కాదు, చదివే సమయం లేక ఆ గ్రేడ్లు వచ్చాయి. మూడేళ్లూ పని లేకుండా చదివినా సైన్సులో సీలే వచ్చిన విద్యార్థి సమస్య వేరు. అతను ముందు మార్చుకోవలసింది చదివే పద్ధతిని.

ఇప్పుడు లెక్క చూద్దాం. కోర్సు బరువును క్రెడిట్లలో కొలుస్తారు, ఏ (A) గ్రేడుకు ఒక్కో క్రెడిట్‌కు 4 పాయింట్లు. 120 క్రెడిట్లు 3.2 సగటుతో పూర్తయ్యాయంటే మొత్తం 384 పాయింట్లు. ఆపైన మరో 30 క్రెడిట్లు చదివి అన్నిటిలోనూ ఏ తెచ్చుకుంటే 120 పాయింట్లు కలుస్తాయి. 504ను 150తో భాగిస్తే వచ్చేది 3.36. ఏడాది కష్టానికి పెరిగింది ఇంతేనా అని చాలామంది ఇక్కడే నీరుగారిపోతారు. కానీ పట్టికలో డిగ్రీ తర్వాతి చదువుకు ప్రత్యేకంగా ఒక వరుస ఉంటుందని చెప్పాను కదా, అక్కడ 4.0 కనిపిస్తుంది. 60 క్రెడిట్ల సైన్స్ జీపీఏ 3.0 ఉన్న విద్యార్థికి అవే 30 క్రెడిట్లు సైన్సులో చేరితే 3.33 అవుతుంది. మొత్తం సగటు నెమ్మదిగా కదిలినా, చివరి ఏడాది ఈ విద్యార్థి ఎలా చదివాడన్న ప్రశ్నకు ఆ వరుస నేరుగా జవాబు చెబుతుంది.

కాబట్టి మొదట్లో తగ్గి చివర్లో పెరిగిన గ్రేడ్లయితే ఆ ఎదుగుదలను మరో ఏడాది కొనసాగించాలి. మొదట బాగుండి చివర తగ్గినవైతే అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. కారణం తొలగిపోయిందని రెండు మూడు సెమిస్టర్లలో చూపించాకే దరఖాస్తు పెట్టడం మంచిది.

సమస్య 2: ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ వచ్చింది, మళ్లీ చదవాలా?

డీవో కాలేజీల దరఖాస్తు విధానమైన అకోమాస్‌లో ఒకప్పుడు మళ్లీ చదివిన కోర్సు గ్రేడు పాతదాని స్థానంలోకి వచ్చేది. 2017లో ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు ఆమ్‌క్యాస్‌లో అయినా, అకోమాస్‌లో అయినా మొదటి గ్రేడు, రెండో గ్రేడు రెండూ లెక్కలోకి వస్తాయి. "మా పెద్దబ్బాయి అలాగే మార్చుకున్నాడు" అంటూ ఎవరో ఇచ్చే పాత సలహాలు నమ్మి మోసపోవద్దు.

సీ మైనస్, డీ లేదా ఎఫ్ వచ్చిన తప్పనిసరి కోర్సును మళ్లీ చదవాలి, ఎందుకంటే చాలా కాలేజీలు సీ కంటే తక్కువ గ్రేడుతో ఆ కోర్సు పూర్తయినట్టు ఒప్పుకోవు. సీ వచ్చినవారు అదే కోర్సు మళ్లీ చదవడం కంటే బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, సెల్ బయాలజీ వంటి పై స్థాయి కోర్సుల్లో ఏ తెచ్చుకోవడం నా దృష్టిలో మేలు. అయితే పునాది నిజంగా బలహీనంగా ఉందనుకుంటే మాత్రం సిగ్గుపడకుండా మళ్లీ చదవండి, ఎంక్యాట్‌లో ఆ పాఠాలే తిరిగి ఎదురవుతాయి.

టెక్సస్ వాసులకు ఒక ప్రత్యేక వెసులుబాటు ఉంది. పదేళ్లు దాటిన పాత క్రెడిట్లను అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్ అనే రాష్ట్ర చట్టం కింద ఆ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల ప్రవేశాల్లో పక్కన పెట్టించుకోవచ్చు. కానీ వాటిలోని మంచి గ్రేడ్లు కూడా పోతాయి. ఉద్యోగం చేసి, ముప్పై దాటాక వైద్యం వైపు తిరిగినవారికి ఇది పనికొస్తుంది.

సమస్య 3: పోస్ట్‌బ్యాక్ చదవాలా, మాస్టర్స్ చదవాలా తేలడం లేదు

డిగ్రీ తర్వాత డిగ్రీ స్థాయి కోర్సులు చదవడాన్ని పోస్ట్‌బ్యాక్ అంటారు. ఆ గ్రేడ్లు మీ డిగ్రీ జీపీఏలో కలుస్తాయి. మాస్టర్స్ గ్రేడ్లు కలవవు, విడి వరుసలో ఉంటాయి. జీపీఏ 3.0 దరిదాపుల్లో ఉన్న విద్యార్థి నేరుగా మాస్టర్స్‌లో చేరితే, డిగ్రీ జీపీఏ మీద కనీస హద్దు పెట్టుకున్న కాలేజీల దగ్గర ఆ అంకె అలాగే ఉండిపోతుంది. అటువంటివారు ముందు పోస్ట్‌బ్యాక్ చదవాలి. సమీపంలోని రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కోర్సులవారీగా చేరినా సరిపోతుంది, ఖరీదైన ప్యాకేజీ అవసరం లేదు.

స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రామ్ సంగతి వేరు. మెడికల్ కాలేజీ మొదటి ఏడాది పాఠాలను పోలిన చదువును ఏడాదిపాటు చదివించే కోర్సు ఇది; జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం నడిపేది వీటిలో పేరున్నది. జీపీఏ 3.3 ప్రాంతంలో ఉండి, ఎంక్యాట్ బాగా వచ్చి, డిగ్రీ కోర్సులు ఇంకేమీ మిగలనివారికి ఇది నిజంగా ఉపకరిస్తుంది. అయితే ఇందులో బీ గ్రేడ్లు వస్తే వైద్యవిద్య తట్టుకోలేడన్న అనుమానానికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. ఏ (A) గ్రేడ్లు తెచ్చుకోగలనన్న నమ్మకం కుదిరాకే ఫీజు కట్టండి.

సమస్య 4: ఎంక్యాట్ స్కోరు జీపీఏ లోటును పూడ్చడం లేదు

ఎంక్యాట్ 472 నుంచి 528 వరకు ఉంటుంది. నాలుగు విభాగాలు, ఒక్కొక్కటి 118 నుంచి 132 వరకు. మొత్తం 509 వచ్చినా కార్స్ అనే పఠన విభాగంలో 122 వస్తే ఆ గుంట కంటబడుతుంది. కార్స్‌కు చదవవలసిన పాఠ్యాంశమంటూ ఏదీ లేదు. రోజూ కొన్ని వ్యాసభాగాలు గడియారం పెట్టుకుని చదివి, తప్పు ఎందుకు జరిగిందో రాసుకోవడం నెలల తరబడి సాగాలి. పరీక్షకు మూడు వారాల ముందు మొదలుపెడితే ఫలితం ఉండదు.

తక్కువ స్కోరుకు నేను చూసిన ప్రధాన కారణం తొందర. తేదీ ముందే తీసుకున్నాం కదా అని, నమూనా పరీక్షల్లో 503 వస్తున్నా వెళ్లి రాసేస్తారు. ఎంక్యాట్ నిర్వహించే సంస్థ ఏఏఎంసీ అందించే పూర్తి నిడివి నమూనా పరీక్షల్లో కనీసం మూడింటిలో మీరు కోరుకున్న స్కోరు వచ్చేదాకా తేదీ వాయిదా వేయండి. పరీక్ష ఏడాదిలో మూడుసార్లు, వరుసగా రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లు మాత్రమే రాయనిస్తారు. పరీక్ష చివర స్కోరు రద్దు చేసుకున్నా అది ఒక ప్రయత్నంగానే లెక్క. జీపీఏ, ఎంక్యాట్ శ్రేణులవారీగా ఎంతమందికి సీటు వచ్చిందో చూపే పట్టికను ఏఏఎంసీ ప్రచురిస్తుంది. మీ గడి ఏదో వెతికి చూసుకుంటే ఊహలకు తావుండదు.

సమస్య 5: ముప్పై కాలేజీలకు పెట్టినా ఒక్క ఇంటర్వ్యూ రాలేదు

దీనికి జీపీఏ ఒక్కటే కారణమని వెంటనే అనుకోకండి. దరఖాస్తు తేదీ చూడండి. మే నెల మొదట్లో ఆమ్‌క్యాస్ తెరుచుకుంటుంది, మే చివరి నుంచి సమర్పించవచ్చు. రద్దీ రోజుల్లో గ్రేడ్ల పరిశీలనకే వారాలు పడుతుంది. చాలా కాలేజీలు వచ్చిన వరుసలో చదువుతూ సీట్లు నింపుతూ పోతాయి కనుక, ఆగస్టు చివర పెట్టిన 3.3 జీపీఏ దరఖాస్తు చేరేసరికి ఇంటర్వ్యూ స్థానాలు చాలావరకు అయిపోతాయి.

తర్వాత కాలేజీల జాబితా చూడండి. టెక్సస్ ప్రభుత్వ వైద్య కళాశాలలు 90 శాతం సీట్లు సొంత రాష్ట్రంవారికే ఇవ్వాలి. ఇతర రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ కాలేజీలు స్థానికులకే మొగ్గు చూపుతాయి. పేరున్న ప్రైవేటు కాలేజీలతో జాబితా నింపి, డీవో కాలేజీలను చిన్నచూపు చూడటం మన కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు. డీవోలో చేరేవారి సగటు జీపీఏ 3.6 ప్రాంతంలో, ఎంక్యాట్ 504 ప్రాంతంలో ఉంటుంది. 2020 నుంచి ఎండీ, డీవో పట్టభద్రులు పట్టా తర్వాత ఆసుపత్రుల్లో పొందే రెసిడెన్సీ శిక్షణకు గుర్తింపు ఒకే సంస్థ ఇస్తోంది. డీవో అంటే సగం డాక్టర్ అని పిల్లల ఎదుట అనే పెద్దలు దయచేసి ఆ మాట మానుకోవాలి.

మూడోది, మన వాళ్లకే ఎక్కువగా ఎదురయ్యేది వీసా. హెచ్-4 (తల్లిదండ్రుల ఉద్యోగ వీసాపై ఆధారపడిన వీసా) మీద పెరిగిన పిల్లలు 21 నిండగానే ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారవలసి వస్తుంది. పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డు ఉన్నవారినే తీసుకునే కాలేజీలు చాలా ఉన్నాయి. ఎంత మంచి దరఖాస్తయినా అక్కడ ముందుకు కదలదు. తీసుకునేవాటిలో కొన్ని ఏడాది నుంచి నాలుగేళ్ల ఫీజు వరకు ముందే ఎస్క్రో ఖాతాలో (ఫీజు కోసం మూడో పక్షం దగ్గర భద్రపరిచే ఖాతా) చూపమంటాయి. డబ్బు కట్టే ముందు ఒక్కో కాలేజీ నిబంధన చదివి, అర్హత లేనివాటిని కొట్టేయండి. బీఎస్సీ ఇండియాలో చదివి వచ్చినవారికి కూడా ఇదే సలహా, ఎందుకంటే చాలా కాలేజీలు అమెరికా లేదా కెనడాలో చదివిన కోర్సులు అడుగుతాయి.

ఇక రోగుల దగ్గర గడిపిన సమయం. తెలిసిన డాక్టర్ అంకుల్ క్లినిక్‌లో నలభై గంటలు కూర్చోవడం షాడోయింగ్ (డాక్టర్ పనిని పక్కనుండి గమనించడం) అవుతుంది గానీ, రోగికి మీరు చేసిన సాయం అందులో ఏమీ ఉండదు. డాక్టర్ చెప్పేది రాసిపెట్టే స్క్రైబ్‌గా, అంబులెన్సులో అత్యవసర సేవ చేసే ఈఎంటీగా, నర్సింగ్ అసిస్టెంట్‌గా, చివరి దశ రోగులకు సేవ చేసే హాస్పిస్ వాలంటీరుగా ఏడాదిపాటు నిలకడగా పనిచేసిన విద్యార్థి వ్యాసంలో చెప్పడానికి నిజమైన సంగతులు ఉంటాయి.

సమస్య 6: ఇంటర్వ్యూలో గ్రేడ్ల గురించి అడిగితే మాట తడబడుతోంది

ప్రొఫెసరును నిందించడం, లేదా పది నిమిషాలు సంజాయిషీ చెప్పడం రెండూ చెడగొడతాయి. ఏం జరిగింది, మీరేం మార్చారు, ఆ తర్వాత గ్రేడ్లు ఎలా ఉన్నాయి: మూడు వాక్యాలు చాలు. ఎర్ర పెన్సిల్ గీతల అమ్మాయి చివరికి చెప్పిన జవాబు ఇది: "రెండో సంవత్సరం ఇంటి ఖర్చుల కోసం వారానికి ముప్పై గంటలు రాత్రి పని చేశాను, చదువుకు చోటు లేకపోయింది. తర్వాత పని పది గంటలకు తగ్గించి, ప్రతి వారం ప్రొఫెసర్ల ఆఫీసు వేళలకు వెళ్లాను. చివరి 32 క్రెడిట్ల సైన్సులో నా సగటు 3.9." ఆ తర్వాత ఆమె మౌనంగా ఉంది, వాళ్లు వేరే ప్రశ్నకు వెళ్లారు.

సమస్య 7: తిరస్కరణలు వచ్చాయి, ఇప్పుడేం చేయాలి?

ఈ దశలోనే కరీబియన్ దీవుల్లోని మెడికల్ కాలేజీల ప్రకటనలు ముమ్మరమవుతాయి. చేరే ముందు ఒక అంకె చూడండి: రెసిడెన్సీ స్థానాలు కేటాయించే 2024 మ్యాచ్‌లో అమెరికా ఎండీ సీనియర్లలో 93 శాతానికి పైగా, డీవో సీనియర్లలో 92 శాతానికి పైగా మొదటి ఏడాది స్థానాలు పొందారు, విదేశాల్లో వైద్యం చదివిన అమెరికా పౌరుల్లో పొందినవారు 67 శాతం. మధ్యలో చదువు మానేసినవారు ఈ లెక్కలోకి రానే రారు. చేరినవారిలో ఎంతమంది సకాలంలో పట్టా పొందారో ఆ కాలేజీనే లిఖితపూర్వకంగా అడగండి.

మళ్లీ దరఖాస్తు పెట్టేవారిని కాలేజీలు అడిగే మొదటి ప్రశ్న, పోయినసారికీ ఇప్పటికీ ఏం మారిందని. మార్చిలో ఆశ వదులుకుని మే చివర అవే కాగితాలు తిరిగి పంపితే చెప్పడానికి ఏమీ ఉండదు. కొన్ని కాలేజీలు మొత్తం ఎన్నిసార్లు దరఖాస్తు పెట్టవచ్చో హద్దు కూడా పెట్టాయి. తిరస్కరించిన కాలేజీల్లో సలహా ఇచ్చేవి కొన్ని ఉంటాయి. మర్యాదగా ఒక మెయిల్ రాసి అడగండి. ఆ వేసవి దరఖాస్తు వదిలేసి, ఆగస్టు నుంచి మే వరకు రెండు సెమిస్టర్ల పై స్థాయి సైన్స్ కోర్సులు, అవసరమైతే జనవరిలో ఎంక్యాట్, వారం వారం రోగుల దగ్గర పని పూర్తి చేసి, ఆ గ్రేడ్లన్నీ ట్రాన్‌స్క్రిప్టులోకి ఎక్కాక జూన్ మొదటి వారంలో సమర్పించండి.