పసిబిడ్డకు అపెండిసైటిస్ ముప్పు ఉందేమో ఎలా కనిపెట్టాలి?

అపెండిసైటిస్ అంటే ఉండుకం (పెద్దపేగు మొదట్లో వేలాడే తోకలాంటి చిన్న గొట్టం, అపెండిక్స్) వాయడం. ఏడాదిలోపు పిల్లల్లో ఇది చాలా అరుదు. ఆ వయసులో ఉండుకం మొదలు గరాటులా వెడల్పుగా ఉంటుంది కాబట్టి లోపల అడ్డుపడటం తక్కువ. వస్తే మాత్రం వేగంగా ముదురుతుంది. దాని గోడ పలచన, చీము పొట్టంతా పాకకుండా కమ్ముకోవాల్సిన కొవ్వుపొర ఇంకా ఎదగదు. చాలామంది పసివాళ్లలో జబ్బు తేలేసరికే ఉండుకం పగిలిపోయి ఉంటుంది.

ముందు పుట్టినప్పటి సంగతులు గుర్తుచేసుకోండి. 37 వారాలు నిండకుండా పుట్టాడా? నల్లటి జిగురు మలం 48 గంటలు దాటినా రాలేదా? అది హిర్ష్‌స్ప్రంగ్ జబ్బుకు గుర్తు కావచ్చు. పెద్దపేగు చివర నరాల కణాలు లేక మలం వెనక్కి నిలిచి, ఒత్తిడి ఉండుకం మీద పడుతుంది. గజ్జలో హెర్నియా ఉంటే ఒక్కోసారి ఉండుకమే అందులోకి జారి వాస్తుంది. పుట్టుకతో గుండెజబ్బు, సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఒంట్లోని జిగురు స్రావాలు చిక్కబడే పుట్టుజబ్బు) ఉన్నా డాక్టరుకు తప్పక చెప్పండి. ఇవేవీ లేని బిడ్డకూ రావచ్చు, అందుకని లక్షణాలను తేలిగ్గా తీసుకోకండి.

తర్వాత పొట్ట చూడండి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు అరచేతిని వెచ్చచేసుకుని ఎడమవైపు నుంచి మెల్లగా ఆనించండి, కుడివైపు కింద చివర్లో. చూపు బిడ్డ ముఖం మీదే ఉండాలి. నిద్రలోనూ పొట్ట బిగుసుకునే ఉందా, ముఖం ముడుస్తున్నాడా, గుడ్డ మార్చేటప్పుడు కాలు ఎత్తితే కెవ్వుమంటున్నాడా గమనించండి. నొప్పి కుడిపక్కే ఉండాలని లేదు, పసివాళ్లలో పొట్టంతా ఉబ్బుతుంది. పాలు మానడం, మగతగా ఉండటం, జ్వరం, విరేచనాలు కూడా ఉండొచ్చు. విరేచనాలున్నాయి కదా, అజీర్తే అనుకుని ఆగిపోవడం దగ్గరే ఎక్కువ ఆలస్యం జరుగుతుంది.

ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం, బిగిసిన పొట్ట, మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే బయల్దేరాలి. పేగు మెలిపడినా, ఒకదాన్లోకి ఒకటి దూరినా ఇవే కనబడతాయి, అవీ ఆగేవి కావు. ఆముదం, వాము నీళ్లు, ఎనిమా వద్దు. పొట్టమీద వాతలు అసలే వద్దు, కాలిన పుండు మరో ప్రమాదం తెస్తుంది. ఆకుపచ్చ వాంతి అవుతుంటే నోటి ద్వారా ఏమీ పట్టకండి.

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్నా, గుణుపురంలో ఉన్నా, మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డున సిరోంచలో ఉన్నా 108కి ఫోన్ చేసి, పసిపిల్లలకు ఆపరేషన్ చేసే సర్జన్, మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రి ఏదో అడగండి. దక్షిణ ఒడిశా వాళ్లకు బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఉంది. రాష్ట్ర సరిహద్దు అవతలి ఆసుపత్రి దగ్గరైతే అక్కడికే వెళ్లండి. పుట్టినప్పటి కాగితాలు, పాత ఆపరేషన్ చీటీలు తీసుకెళ్లండి. అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనబడలేదన్నా బిడ్డ తేరుకోకపోతే, మళ్లీ ఎప్పుడు పరీక్షిస్తారో అక్కడే అడిగి తెలుసుకోండి.