రన్నింగ్‌లో నొప్పులు, ఆయాసం: కొత్త షూ కొనే ముందు ఇవి చూస్కోండి

సమస్య: మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, లేదా మోకాలి కింద ముందువైపు ఎముక పొడవునా లాగేస్తోంది.

చాలామందిలో కారణం పెద్ద పెద్ద అంగలే. స్పీడ్ పెరగాలని కాలు బాగా ముందుకి చాపి మడమ మీద పడతాం, మోకాలు దాదాపు నిటారుగా ఉంటుంది, అంటే ప్రతి అడుగుకీ మనకి మనమే బ్రేక్ వేసుకున్నట్టే, ఆ దెబ్బంతా మోకాలికి వెళ్తుంది. ఫోన్ నేల మీద పెట్టి పక్కనుంచి వీడియో తీయించుకోండి, పాదం నడుముకి ఎంత ముందు పడుతోందో కనిపిస్తుంది. ఒక నిమిషంలో ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టి, అదే స్పీడ్‌లో 5 నుంచి 10 శాతం పెంచండి, అంగ దానంతటదే చిన్నదవుతుంది. అందరికీ నిమిషానికి 180 అడుగులు ఉండాల్సిందే అనేది మాత్రం నమ్మకండి, ఎత్తు, స్పీడ్ బట్టి మారుతుంది.

సమస్య: వట్టికాళ్లతో గానీ పల్చటి షూతో గానీ మొదలెట్టాక పిక్కలు పట్టేస్తున్నాయి.

వట్టికాళ్లతో పరిగెత్తడమే మంచిదనేవాళ్లు చెప్పినట్టు, ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్ వట్టికాళ్లతో గెలిచాడు, నిజమే. 2010లో నేచర్ పత్రికలో వచ్చిన స్టడీలో కూడా చిన్నప్పట్నుంచీ చెప్పుల్లేకుండా పరిగెత్తే కెన్యా రన్నర్లు ఎక్కువగా పాదం ముందు భాగం మీదే దిగుతున్నారని తేలింది. కానీ అది ఏళ్ల తరబడి అలవాటు, మనమేమో రోజంతా కుర్చీలో కూర్చుని పొద్దున్నే వాళ్లలా పరిగెత్తాలంటే పిక్కలూ, మడమ వెనక టెండనూ (పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే తాడులాంటిది) ఎలా తట్టుకుంటాయి చెప్పండి. ముందు ఇంట్లో చెప్పుల్లేకుండా నడవండి, తర్వాత గడ్డి మీద రోజు విడిచి రోజు కొన్ని నిమిషాలు చాలు, మిగతా రన్ పాత షూతోనే.

సమస్య: హైదరాబాద్‌లో హాయిగా పరిగెత్తే స్పీడే వైజాగ్ బీచ్ రోడ్డులో చంపేస్తోంది.

ఫిట్‌నెస్ పోలేదు, కంగారు పడకండి. ఉక్కపోతలో చెమట కారిపోతుందే గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, దాంతో రక్తం కండరాలకీ చర్మానికీ రెండింటికీ పంచాల్సొచ్చి గుండె వేగం పెరుగుతుంది. వాచ్‌లో పేస్ (కిలోమీటరుకి పట్టే టైమ్) చూడకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా వెళ్లండి, రోజూ కాసేపు అలా చేస్తే రెండు వారాల్లో ఒళ్లు చాలావరకు అలవాటు పడుతుంది. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా ఆపేసి నీడకి వెళ్లండి. మనిషి తికమకగా మాట్లాడుతుంటే మాత్రం వెంటనే ఒంటి మీద చల్లనీళ్లు పోస్తూ అంబులెన్స్ పిలవాలి, ఇందులో ఆలస్యం వద్దు.

సమస్య: ఫ్లైఓవర్లున్న రేస్ అయిన మర్నాడు మెట్లు దిగలేకపోతున్నారు.

ఎక్కడం కాదు, దిగడమే కారణం. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు ఆపాలి. రేస్‌కి కొన్ని వారాల ముందే వారానికోసారి చిన్న వాలు మీద చిన్న అడుగులతో దిగడం ప్రాక్టీస్ చేయండి.

ఇంకోటి, ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే నొప్పి ఉండి, పడుకున్నా తగ్గకపోతే పైవేవీ ట్రై చేయొద్దు. ఎముకలో సన్న పగులు ఉండొచ్చు, రన్ ఆపేసి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించుకోండి.