ఫోటో ఎక్కడం లేదా? ఫోన్ ఫోటోలను జేపీజీగా మార్చడంలో వచ్చే చిక్కులు, పరిష్కారాలు

దరఖాస్తు గడువు దగ్గరపడితే అనంతపురం క్లాక్ టవర్ చుట్టుపక్కల నెట్ సెంటర్లలో కుర్చీ దొరకదు. నంద్యాలలో బ్యాంకు కోచింగ్ తీసుకుంటున్న పిల్లలు ఇంటికొచ్చినప్పుడు ఇక్కడే ఫారం నింపుతారు. పేరు, పుట్టిన తేదీ, మార్కులు అన్నీ సాఫీగా సాగుతాయి. ఫోటో దగ్గరికొచ్చేసరికి పని ఆగిపోతుంది. "అన్నా, ఫోటో ఎక్కడం లేదు, ఫోన్ చెడిపోయిందేమో చూడు" అంటారు. ఫోన్ చెడిపోలేదు, ఫోటో పాడవలేదు. ఫోన్ ఫోటోను దాచుకున్న పద్ధతి ఒకటి, అవతల వెబ్‌సైటు అడుగుతున్న పద్ధతి ఇంకొకటి. తేడా ఎక్కడ వచ్చిందో ముందు కనిపెడితే ఇది కాసేపట్లో తేలిపోయే పని. కనిపెట్టకుండా కనపడ్డ యాప్‌నల్లా దించుకుంటూ పోతే టెన్షనే మిగులుతుంది.

ఐఫోన్ 7, దాని తర్వాతి ఐఫోన్లు 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఫోటోలను హెచ్‌ఈఐసీ (HEIC) అనే ఫైలు రూపంలో దాస్తున్నాయి. శాంసంగ్‌లో 2019 నాటి గెలాక్సీ ఎస్10 నుంచి ఈ సౌకర్యం ఉంది, కాకపోతే మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. జేపీజీ (జేపెగ్ అన్నా ఇదే) 1992 నాటి ప్రమాణం. ఇన్నేళ్లలో ప్రతి కంప్యూటరూ, ప్రతి వెబ్‌సైటూ దానికి అలవాటు పడ్డాయి. హెచ్‌ఈఐసీలో వీడియోలను కుదించే హెచ్‌ఈవీసీ పద్ధతినే ఫోటోకూ వాడతారు కాబట్టి, దాదాపు అదే నాణ్యత గల ఫోటో సుమారు సగం చోటులో సరిపోతుంది. కాబట్టి హెచ్‌ఈఐసీని తిట్టాల్సిన పని లేదు. ఫోన్లో అది ఉండటమే మేలు. బయటికి పంపే కాపీని మాత్రం జేపీజీగా మార్చుకోవాలి. నా సలహాలన్నిటికీ మూలం ఇదే.

"ఫార్మాట్ తప్పు అంటోంది"

అప్‌లోడ్ నొక్కగానే "జేపీజీ లేదా జేపెగ్ మాత్రమే" అని ఎర్ర అక్షరాలు వస్తే, ముందు మీ ఫైలు ఏ రకమో చూడండి. విండోస్‌లో ఫైలు పేరు చివరి అక్షరాలు మామూలుగా దాగి ఉంటాయి. విండోస్ 11 అయితే ఫోల్డర్ తెరిచి, పైన వ్యూ నొక్కి, షో అన్నచోట ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కు టిక్ పెట్టండి. చివర హెచ్‌ఈఐసీ అని కనిపిస్తే కారణం దొరికినట్టే.

ఐఫోన్ చేతిలో ఉంటే ఏ యాప్ అక్కర్లేదు. ఫోటో తెరిచి షేర్ నొక్కి, సేవ్ టు ఫైల్స్ ఎంచుకోండి. తర్వాత ఫైల్స్ యాప్‌లో ఆ ఫోటో మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే క్విక్ యాక్షన్స్ వస్తుంది, అందులో కన్వర్ట్ ఇమేజ్ ఉంటుంది. జేపెగ్ ఎంచుకుని, సైజు ఒరిజినల్ అని పెట్టండి. పక్కనే కొత్త కాపీ తయారవుతుంది, అసలు ఫోటో అలాగే ఉంటుంది. ఐఓఎస్ 16, ఆపైన ఉన్న ఫోన్లలో ఈ సౌకర్యం ఉంది.

ఫారం ఫోన్లోనే నింపేవాళ్లకు ఇంకో సులువు. సఫారీలో ఫైలు ఎంచుకోమన్నప్పుడు ఫైల్స్‌లోకి వెళ్లకుండా ఫోటో లైబ్రరీ నుంచే ఎంచుకోండి. వెబ్‌సైటు జేపెగ్ మాత్రమే కావాలని సరిగ్గా రాసి పెట్టుకుంటే, ఐఫోన్ ఆ క్షణంలోనే మార్చి పంపుతుంది. ఫైల్స్ నుంచి తీసుకుంటే ఉన్నది ఉన్నట్టే వెళుతుంది.

విండోస్ కంప్యూటర్లో అయితే ఫోటోను ఫోటోస్‌లో గానీ పెయింట్‌లో గానీ తెరిచి, సేవ్ యాజ్‌లో జేపెగ్ ఎంచుకుంటే సరి. మ్యాక్‌లో ప్రివ్యూలో తెరిచి ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ వాడండి.

"పేరు మార్చినా ఒప్పుకోవడం లేదు"

ఇది చాలామంది పడే గుంత. ఫైలు పేరు చివర హెచ్‌ఈఐసీ తీసేసి జేపీజీ అని టైపు చేస్తారు. కంప్యూటర్లో నొక్కితే ఫోటో తెరుచుకుంటుంది కూడా, ఎందుకంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు పేరును పట్టించుకోకుండా లోపలి సరుకు చూసి తెరుస్తాయి. దాంతో మారిపోయిందనే నమ్మకం కుదురుతుంది. వెబ్‌సైటు కూడా లోపలి సరుకే చూస్తే మాత్రం తిప్పి పంపుతుంది. సంచి మీద సోనామసూరి అని రాసినంత మాత్రాన లోపలి కొర్రలు బియ్యం కావు కదా.

అనుమానం ఉంటే ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అర్థంకాని గుర్తుల మధ్య, మొదటి వరుస ఆరంభంలోనే ఇంగ్లీషు అక్షరాల్లో ఎఫ్‌టీవైపీ, వెంటనే హెచ్‌ఈఐసీ అని కనిపిస్తే పేరు ఏదైనా అది హెచ్‌ఈఐసీయే. జేపీజీ అయితే మొదట్లోనే జేఎఫ్‌ఐఎఫ్ (JFIF) అనో ఎక్సిఫ్ (Exif) అనో ఉంటుంది. చూశాక సేవ్ చేయకుండా మూసేయండి, సేవ్ చేస్తే ఫోటో పాడవుతుంది. పరిష్కారం ఏమిటంటే పేరును పాతదానికి తెచ్చి, పైన చెప్పినట్టు నిజంగా మార్చడమే.

"జేపీజీ చేశాను, ఇప్పుడు సైజు ఎక్కువంటోంది"

జేపీజీగా మారాక ఫైలు పెరుగుతుంది. ఒకటిన్నర ఎంబీ ఉన్నది మూడు ఎంబీ కావచ్చు. ఇది తప్పు కాదు, జేపీజీ తీరే అంత. ఫారం ఏమో కేబీల్లో అడుగుతుంది. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల్నే తీసుకుంటే ఫోటో 200 × 230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ. సంతకం 140 × 60 పిక్సెల్స్, 10 నుంచి 20 కేబీ. వేలిముద్రకు, చేతిరాత డిక్లరేషన్‌కు మళ్లీ వేరే కొలతలు. ప్రతి నోటిఫికేషన్‌లో ఈ అంకెలు ఒకసారి చదివాకే పని మొదలుపెట్టండి.

ఇక్కడ వరుస ముఖ్యం. ముందు క్రాప్ చేసి ముఖం, భుజాలు ఉండేలా నిలువు ముక్క తీసుకోవాలి. ఆ తర్వాతే పెయింట్‌లో రీసైజ్ నొక్కి, పిక్సెల్స్ ఎంచుకుని అంకెలు వేయాలి. క్రాప్ చేయకుండా, నిష్పత్తి కాపాడే టిక్ తీసేసి నేరుగా 200, 230 అని కొడితే ముఖం సాగిపోతుంది. హాల్‌టికెట్ మీద ఆ ముఖమే అచ్చవుతుంది, పరీక్ష గది దగ్గర పోల్చి చూసేదీ దాన్నే. ఈ ఒక్క విషయంలో తొందర పడొద్దని మాత్రం బతిమాలి చెబుతాను.

ఇంకో చిత్రం ఉంది. ఒక్కోసారి ఫైలు మరీ చిన్నదై 20 కేబీ కంటే తగ్గిపోతుంది, అప్పుడూ ఒప్పుకోదు. అలాంటప్పుడు చిన్నబడిన కాపీని పెద్దది చేయకండి, మసక వస్తుంది. క్రాప్ చేసిన పెద్ద కాపీకి మళ్లీ వెళ్లి, జేపీజీ నాణ్యత కొంచెం పెంచి సేవ్ చేయండి. నాణ్యత అంకె అడిగే ఇర్ఫాన్‌వ్యూ లాంటి సాఫ్ట్‌వేర్ దీనికి పెయింట్ కంటే నయం. జేపీజీని తెరిచి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది కాబట్టి, ప్రతి ప్రయత్నం అసలు కాపీ నుంచే మొదలుపెట్టాలి.

"స్క్రీన్‌షాట్ తీశాను, అదీ వద్దంది"

ఐఫోన్ స్క్రీన్‌షాట్ మామూలుగా పీఎన్‌జీ అనే మరో రూపంలో దాచుకుంటుంది. జేపీజీ మాత్రమే అడిగే చోట అదీ చెల్లదు. పైగా అసలు ఫోటోలోని పిక్సెల్స్‌లో చాలా భాగం పోతాయి. ఈ అడ్డదారి మానేయండి.

"కంప్యూటర్లో ఫోటో అసలు తెరుచుకోవడం లేదు"

విండోస్ 10, 11లలో హెచ్‌ఈఐసీ చూడాలంటే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి హీఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్ (HEIF Image Extensions) అనేది వేసుకోవాలి. అది ఉచితం. వేశాక కూడా హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్ కావాలని అడగొచ్చు, దానికి స్టోర్‌లో కొద్దిగా డబ్బు కట్టాలి. నెట్ సెంటర్ కంప్యూటర్లో మనం డబ్బు కట్టడం కుదరదు. ఇంకా విండోస్ 7 నడుస్తున్న పాత కంప్యూటరైతే స్టోరే ఉండదు. అలాంటి చోట కంప్యూటర్‌తో కుస్తీ పట్టకుండా, ఫోన్లోనే జేపీజీ చేసి పంపుకోండి.

"కేబుల్ పెట్టి కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోతోంది"

పెళ్లి ఫోటోలు, యాత్ర ఫోటోలు వందల్లో దించేటప్పుడు వచ్చే బాధ ఇది. కొన్ని ఫోటోలు వచ్చాక, కంప్యూటర్‌కు తగిలించిన పరికరం పనిచేయడం లేదనే అర్థంతో ఇంగ్లీషులో ఒక మాట వచ్చి కాపీ నిలిచిపోతుంది. జనం కేబుల్ మారుస్తారు, కంప్యూటర్ మారుస్తారు. కేబుల్ తప్పు ఉండొచ్చు గానీ, ఐఫోన్ విషయంలో ముందు చూడాల్సింది ఇంకోటి.

ఐఫోన్ సెట్టింగ్స్‌లో ఫోటోస్ కింద ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ అని ఉంటుంది. ఐఓఎస్ 18 నుంచి ఫోటోస్ అనేది యాప్స్ లోపల ఉంటుంది. అక్కడ ఆటోమేటిక్ ఉంటే, కాపీ అవుతున్నప్పుడే ఫోన్ ఒక్కో హెచ్‌ఈఐసీని జేపీజీగా మారుస్తూ పంపుతుంది. ఆ మార్పిడి వెనకబడితే విండోస్ ఎదురుచూడకుండా చేతులెత్తేస్తుంది. కీప్ ఒరిజినల్స్ అని మార్చి, కేబుల్ తీసి మళ్లీ పెట్టి కాపీ చేయండి. ఫైళ్లు హెచ్‌ఈఐసీగానే వస్తాయి కానీ అన్నీ వస్తాయి. తర్వాత కంప్యూటర్లో ఎక్స్‌ఎన్‌కన్వర్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి జేపీజీ చేయొచ్చు. సొంత వాడకానికి అది ఉచితం.

కాపీలో కొన్ని ఫోటోలు కనిపించకపోతే ఆపిల్ ఆన్‌లైన్ నిల్వ అయిన ఐక్లౌడ్ సంగతి చూడండి. ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్ ఆన్‌లో ఉంటే అసలు ఫోటోలు ఐక్లౌడ్‌లో ఉండి, ఫోన్లో చిన్న రూపం మాత్రమే మిగిలి ఉండొచ్చు. లేని ఫోటో కేబుల్‌లోంచి రాదు. ముందు ఫోన్లోకి పూర్తిగా దించుకోవాలి, లేదా ఐక్లౌడ్ వెబ్‌సైటు నుంచే తీసుకోవాలి.

"ఫ్లెక్సీ షాపులో తెరుచుకోదు, తెరుచుకుంటే మసక"

గృహప్రవేశమో, పుట్టినరోజో, షాపతనికి వాట్సాప్‌లో ఫోటో పెడతాం. మామూలుగా పెడితే వాట్సాప్ దాన్ని జేపీజీ చేసేస్తుంది కాబట్టి తెరుచుకుంటుంది. అయితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెల్స్‌కు కుదించేస్తుంది. ఆరడుగుల ఫ్లెక్సీ అంటే 72 అంగుళాలు. అంగుళానికి సుమారు 22 పిక్సెల్స్ మాత్రమే వస్తాయి. అందుకే మొహాలు చెదిరిపోతాయి. "ఒరిజినల్ పెట్టండి సార్" అని షాపతను అంటే డాక్యుమెంట్‌గా పెడతాం, అప్పుడు హెచ్‌ఈఐసీ ఉన్నది ఉన్నట్టే వెళ్లి అతని కంప్యూటర్లో తెరుచుకోదు.

రెండూ కుదరాలంటే ముందు ఫోన్లో ఒరిజినల్ సైజులో జేపెగ్ చేసి, ఆ జేపెగ్‌ను డాక్యుమెంట్‌గా పంపాలి. 12 మెగాపిక్సెల్ ఐఫోన్ ఫోటో 4032 × 3024 ఉంటుంది, అదే ఆరడుగుల ఫ్లెక్సీకి అంగుళానికి 56 పిక్సెల్స్ వస్తాయి. రోడ్డు మీద నుంచి చూసేదానికి అది చాలు.

రంగులు వెలిసినట్టు వచ్చాయంటే కారణం వేరే. ఐఫోన్ డిస్‌ప్లే పీ3 అనే విస్తారమైన రంగుల పరిధిలో ఫోటో తీస్తుంది, పాత సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తించదు. మార్చేటప్పుడే ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పరిధిని ఎంచుకోమని షాపతనికి చెప్పండి.

"ఫోటో అడ్డంగా పడుకుంది"

ఫోన్ ఫోటోను తిప్పదు, ఎటు తిప్పి చూపాలో లోపల రాసి పెడుతుంది. ఆ రాతను చదవని వెబ్‌సైటులో ఫోటో పక్కకు పడుతుంది. పెయింట్‌లో తెరిచి నిలువుగా తిప్పి సేవ్ చేస్తే పోతుంది.

ఆన్‌లైన్ కన్వర్టర్ల గురించి గట్టిగా చెప్పాల్సిన మాట

వెతకగానే ఉచితంగా మార్చిపెడతామనే వెబ్‌సైట్లు బోలెడు వస్తాయి. పువ్వు ఫోటో, కొండ ఫోటో అయితే మీ ఇష్టం. పంట రుణం కోసం తీసిన పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, సంతకం, వేలిముద్ర మాత్రం వాటిలో పెట్టకండి. ఆ కాపీ ఎవరి సర్వర్‌లో ఎంతకాలం ఉంటుందో మన చేతిలో ఉండదు. ఫోనే ఉచితంగా చేసే పనికి ఊరూపేరూ తెలియని చోట మన పత్రాలు ఎందుకు వదలాలి? ఫోటోలోపల తీసిన చోటు కూడా నమోదై ఉండొచ్చు. ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు పైన ఆప్షన్స్‌లో లొకేషన్ తీసేయొచ్చు. నెట్ సెంటర్లో పని అయ్యాక డౌన్‌లోడ్స్‌లోని కాపీలు, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, వాట్సాప్ వెబ్ లాగౌట్ చేసి లేవండి.

"ప్రతిసారీ మార్చలేను"

వారానికోసారి ఆఫీసులకు ఫోటోలు పంపేవాళ్లు సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోవచ్చు. శాంసంగ్‌లో కెమెరా సెట్టింగ్స్‌లోని హై ఎఫిషియెన్సీ పిక్చర్స్ ఆఫ్ చేయాలి. ఇకమీదట తీసే ఫోటోలే జేపీజీగా వస్తాయి, పాతవి మారవు. మిగతావాళ్లకు నేనిది చెప్పను, ఫోన్ త్వరగా నిండిపోతుంది. సర్టిఫికెట్లు ఫోటో తీసే రోజు మార్చుకుని, పని అయ్యాక మళ్లీ హై ఎఫిషియెన్సీ పెట్టుకుంటే చాలు.

ఐఫోన్ లేనివాళ్లకూ ఇలాంటి చిక్కే ఒకటి ఎదురవుతుంది. శుభలేఖ కోసం గూగుల్‌లో దించుకున్న వినాయకుడి బొమ్మ చాలాసార్లు వెబ్‌పీ రూపంలో వస్తుంది. పెయింట్‌లో తెరిచి జేపెగ్‌గా సేవ్ చేయండి. బొమ్మ వెనుక ఖాళీగా, పారదర్శకంగా ఉంటే మాత్రం పీఎన్‌జీ ఎంచుకోండి. జేపీజీలో పారదర్శకత ఉండదు, ఆ ఖాళీ తెల్లగానో నల్లగానో నిండిపోతుంది.