సెకండ్ హ్యాండ్ బండి కొన్నారా, ముందు నీళ్ళు ఎక్కడెక్కడ చేరాయో చూడండి

మా బావమరిది పోయిన కార్తీకమాసంలో ఒక స్ప్లెండర్ కొన్నాడు, 2014 మోడల్, ఏపీ 37 బండి, నరసాపురం అవతల రొయ్యల చెరువుల మీద తిరిగింది. పైన రంగు బానే ఉంది, ఇంజను శబ్దం బానే ఉంది, 28 వేలకి బేరం తెగింది, గోదావరి దాటే పంటు ఎక్కించి సఖినేటిపల్లి రేవులో దింపుకున్నాడు. వారం తిరక్కుండానే ఫోను. "బావా, మలికిపురం దాటాక బండి ఆగిపోయింది, పది నిమిషాలాగి కిక్కు కొడితే లెగిసింది, మళ్ళీ రెండు కిలోమీటర్లకి ఆగింది" అని. టౌన్లో ఒకతనికి చూపిస్తే బోరు, అంటే ఇంజను సిలిండరు, పోయింది ఎనిమిది వేలవుద్ది అన్నాడంట. బోరుకి ఏమీ అవలేదండి, పెట్రోల్ ట్యాంకు మూతలో గాలి కన్నం మట్టితో మూసుకుపోయింది, గుండుసూది పెట్టి తీస్తే పోయింది. అప్పట్నుంచి ఆ బండికి ఒక్కో లోపం నేనూ వాడూ కూర్చుని సరిచేస్తూ వచ్చాం, చేసినంత వరకూ నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నా, కొత్తగా పాత బండి కొన్నవాళ్ళకి పనికొస్తదని.

మన గోదావరి డెల్టాలో పాత బండికి వచ్చే చిన్న రోగాలు చాలావరకు మూడిట్లోంచే వస్తాయి, నీళ్ళు, ఉప్పుగాలి, బురద. అందుకని పార్టులు మార్చడం ఆఖర్న, ముందు విప్పి తుడిచి ఆరబెట్టడం. ఇంకోటి, ఒకేసారి రెండు మార్చకండి. ప్లగ్గూ మార్చి, పెట్రోలూ గాలీ కలిపే కార్బొరేటరూ కడిగించి ఫిల్టరూ వేయిస్తే బండి బాగైనా ఏది పాడైందో మీకు తెలీదు, మళ్ళీ అదే వచ్చినప్పుడు మూడిటికీ డబ్బులు పెడతారు.

కొన్న రోజే ఇంజను జోలికి పోకుండా బ్రేకులు, టైర్లు చూస్కోండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది అని. టైరు మీద గాడులు ఉన్నా సరే, పక్కన పగుళ్ళు కనపడితే మార్చేయాల్సిందే. వెనక డ్రమ్ము మీద బాణం గుర్తు ఉంటది, బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు బ్రేకు లివరు దగ్గరున్న గుర్తు ఆ బాణం దగ్గరికొచ్చేస్తే షూలు అయిపోయినట్టే, నట్టు బిగించి ఇంకో నెల లాగడాలు వద్దు. మన దగ్గర ఎక్కువ కనపడేది ఇంకోటి, బ్రేకు తొక్కి వదిలితే వెనక్కి రాదు, లోపల షూలని విడదీసే క్యామ్ తుప్పు పట్టి బిగుసుకుపోద్ది. కాస్త దూరం తిరిగాక డ్రమ్ము మీద చెయ్యి పెట్టబోతే సెగ తగులుద్ది, అదే గుర్తు. చక్రం తీసి క్యామ్ తుప్పు ఉప్పుకాగితంతో రుద్ది, కొంచెం గ్రీజు రాయాలి, కొంచెమే, షూలకి ఒక్క చుక్క అంటినా బ్రేకు పట్టదు. బ్రేకు కీచుమంటుందని పైనుంచి ఆయిల్ పోసేవాళ్ళని చూశా, దయచేసి ఆ పని చెయ్యకండి.

ఇక బండి స్టార్ట్ అవట్లేదు అన్నప్పుడు. ముందు తేలిక సంగతులు. హ్యాండిల్ మీద ఇంజను ఆపే ఎర్ర స్విచ్చి ఉంటే అది చూడండి, కొత్త మోడళ్ళలో సైడ్ స్టాండ్ వేసి ఉండి గేరులో ఉంటే ఇంజను రాదు. పాత ఓనరు దొంగ స్విచ్చి పెట్టించాడేమో ఫోన్ చేసి అడగండి, సీటు కిందో ట్యాంకు కిందో చిన్న స్విచ్చి దాచి పెట్టిస్తారు చాలామంది, అమ్మేటప్పుడు చెప్పడం మర్చిపోతారు, అది చెమ్మకి పాడైందంటే కరెంటు వస్తూ పోతూ ఉంటది, మీరు ప్లగ్గుకి కరెంటు పంపే కాయిలూ సీడీఐ యూనిటూ మారుస్తూ కూర్చుంటారు. అక్కర్లేకపోతే ఎలక్ట్రీషియన్ దగ్గర తీయించేయండి.

తర్వాత పెట్రోలు. పైన చెప్పిన మూత సంగతి ఎలా తెలుస్తదంటే, బండి ఆగిన చోటే మూత తీయండి, సుయ్యిమని గాలి లోపలికి లాగి, ఆ వెంటనే బండి స్టార్ట్ అయితే కన్నం మూసుకుపోయినట్టు. మూత తెరిచి మాత్రం నడపకండి. ఆ లక్షణం కాకుండా, బండి జర్కులు కొడుతూ, ఒకోసారి బాగా పోతూ ఒకోసారి చచ్చిపోతూ ఉంటే ట్యాంకులో నీళ్ళు ఉన్నాయేమో చూడాలి. మూత రబ్బరు పాతదైతే వానలో బయట పెట్టిన బండిలోకి నీళ్ళు దిగుతాయి. కార్బొరేటర్ అడుగున చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటది, ఇంజను చల్లారాక, దగ్గర్లో బీడీ గానీ దీపం గానీ లేకుండా చూస్కుని, దాన్ని విప్పి వచ్చిన పెట్రోలు గాజు సీసాలో పట్టండి. ఐదు నిమిషాలు కదపకుండా పెడితే నీళ్ళు అడుక్కి చేరి పూసల్లాగా కనపడతాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఆ ఇథనాల్ నీటిని లాక్కుంటది, నీళ్ళు మరీ ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి, కార్బొరేటర్‌కి ముందు వెళ్ళేది అదే. అప్పుడు సీసాలో గీత గీసినట్టు రెండు పొరలు కనపడతాయి. అలాంటప్పుడు పైన కొత్త పెట్రోలు పోస్తే సరిపోదు, ట్యాంకు దింపి మొత్తం ఒంపి, ఎండలో బాగా ఆరబెట్టి వేసుకోవాలి. ట్యాంకు అడుగున ఎర్రటి తుప్పు పొడి వస్తే పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద పెట్రోలు తిప్పి కట్టేసేది) జల్లెడ కూడా కడగండి, పైపు మధ్యలో చిన్న ఫిల్టరు వేయించండి. పైపు గట్టిపడి పగిలి ఉంటే అది కూడా మార్చేయండి, ఖర్చు ఏమంత కాదు. ఇదంతా కార్బొరేటర్ బండ్ల సంగతి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బండ్లలో దాదాపు అన్నిటికీ కార్బొరేటర్ బదులు పెట్రోలు చిమ్మే ఇంజెక్షనే, వాటికి చల్లటి ఇంజను లేపడానికి లాగే చోకూ ఉండదు కాకూ ఉండదు, మీటర్లో ఇంజను లైటు ఆరకుండా వెలిగితే షోరూములో స్కానర్ పెట్టించడమే మేలు.

పెట్రోలు బాగుందంటే ప్లగ్గు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే విప్పండి, విప్పేముందు చుట్టూ దుమ్ము ఊదేయండి, లేకపోతే లోపలికి పడుద్ది. మూతి లేత గోధుమరంగులో ఉంటే బండి ఆరోగ్యంగా ఉంది. పొడిగా నల్లటి మసి ఉంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో చోక్ వెనక్కి రావట్లేదో. తడిగా ఆయిల్ అంటుకుని ఉండి సైలెన్సర్లోంచి నీలం పొగ కూడా వస్తుంటే మాత్రం అప్పుడు బోరు గురించి మాట్లాడొచ్చు. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ వెళ్తుంది. స్ప్లెండర్‌కి ప్లగ్గు మూతి దగ్గర గ్యాప్ 0.8 నుంచి 0.9 మిల్లీమీటర్లు. మళ్ళీ పెట్టేటప్పుడు మొదటి నాలుగైదు చుట్లు వేళ్ళతోనే తిప్పండి, పానాతో మొదలెడితే మర వంకరగా ఎక్కి హెడ్డు పాడవుద్ది, అది పెద్ద ఖర్చు. వానాకాలం పొద్దున్నే స్టార్ట్ అవని బండ్లకి చాలాసార్లు ప్లగ్గు కూడా కాదు, ప్లగ్ క్యాప్‌లో చెమ్మ, గుడ్డతో తుడిచి క్యాప్ గట్టిగా నొక్కితే లెగుస్తది.

సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ అని ఊరుకుంటే వెంటనే బ్యాటరీ కొనేయకండి. మన ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్ళకి, సాకెట్లకి పచ్చగా చిలుము పడుద్ది. ముందు నెగటివ్ వైరు విప్పి, తర్వాత పాజిటివ్ విప్పి, వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్ది, బాగా ఆరాక పాజిటివ్ ముందు, నెగటివ్ చివర బిగించి పైన వాజలైన్ రాయండి. మా బావమరిది బండికి ఇది చేశాకే సెల్ఫ్ వచ్చింది, దానికి ముందు ఇంట్లో కొత్త బ్యాటరీకి డబ్బులు కూడా తీసిపెట్టుకున్నారు. మల్టీమీటర్ ఉంటే, బండి ఆపి రాత్రంతా వదిలేశాక 12.6 వోల్టులు దగ్గర ఉండాలి, ఇంజను రేజ్ చేసినప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 మధ్యకి ఎక్కాలి. ఎక్కకపోతే బ్యాటరీ కాదు, ఛార్జింగ్ వైపు లోపం. హారన్ కొడితే వెనక లైటు మసకబారడం, ఇండికేటర్ వేస్తే వేరేది వెలగడం, ఇవన్నీ ఎర్త్ వైరు ఛాసిస్‌కి తగిలే చోట తుప్పు వల్ల, ఆ బోల్టు విప్పి కింద మెరిసేదాకా ఉప్పుకాగితం పట్టండి. పాత స్ప్లెండర్లలో బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు హెడ్‌లైట్ తగ్గి, రేజ్ చేస్తే పెరుగుద్ది, అది రోగం కాదు, దాని తీరే అంత.

వరద బండి గురించి కాస్త ఎక్కువ రాస్తా ఎందుకంటే మన లంక గ్రామాల వైపు ఈ భయం నిజంగా ఉంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చినప్పుడు ఇక్కడ లంకల్లో ఎన్ని బండ్లు మునిగాయో మనందరం చూశాం. మునిగిన బండిని కడిగి రంగేస్తే పైకి తెలీదు, కానీ హెడ్‌లైట్ డూమ్ విప్పితే లోపల వైర్ల మీద ఒండ్రుమట్టి ఉంటది, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూలల్లో, సీటు స్పాంజి అడుగున కూడా. ఆయిల్ గేజీ తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఇంజనులోకి నీళ్ళు వెళ్ళినట్టు, దాన్ని స్టార్ట్ చెయ్యకుండా తోసుకుంటూ తీసుకెళ్ళి ఆయిల్ మార్పించండి, అవసరమైతే రెండుసార్లు. మట్టి కనపడిందని బండి పనికిరాదనేం లేదు, ప్రతి సాకెట్టూ విప్పి శుభ్రం చేసి ఆరబెడితే చాలా బండ్లు నడుస్తాయి, ఓపిక కావాలంతే. రోడ్డు మీద నీళ్ళలో ఆగిపోతే కూడా అక్కడికక్కడ సెల్ఫ్ కొట్టొద్దు, గట్టు మీదికి తోసుకెళ్ళి చూడండి. నీళ్ళు దాటి వచ్చాక బ్రేకు కొద్దికొద్దిగా పట్టుకుంటూ నెమ్మదిగా పోతే డ్రమ్ము ఆరుద్ది.

చైన్ దగ్గర మనకి ప్రత్యేకమైన బాధ ఉంది. సార్వా కోతలప్పుడు ధాన్యం రోడ్ల మీదే ఆరబోస్తారు, గడ్డి వెనక చక్రం ఇరుసుకి చుట్టుకుని చైన్ కవర్లోకి పోయి బిగుసుకుంటది, బండి బరువుగా లాగుతుంటే ముందు అక్కడ చూడండి. చైన్ కవర్‌కున్న రబ్బరు బిళ్ళ తీసి వేలితో పైకి కిందికి కదిపితే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చూడండి, ఒకచోట వదులుగా ఒకచోట బిగుతుగా ఉంటే చైన్ స్ప్రాకెట్ సెట్టు మార్చాల్సిన టైము వచ్చింది. బిగించేటప్పుడు రెండువైపులా గీతలు సమానంగా ఉండాలి, బిగించాక వెనక బ్రేకు మళ్ళీ సరిచేసుకోవాలి, ఇది చాలామంది మర్చిపోతారు. వాడేసిన ఇంజనాయిల్ చైన్‌కి పూయొద్దు, దాంట్లో ఇనప రజను ఉంటది, 90 నంబరు గేరాయిల్ వాడండి.

కొబ్బరికాయలు, మేత బస్తాలు మోసిన బండైతే వెనక చక్రం పట్టుకుని పక్కలకి ఊపి చూడండి, ఆడితే స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) బుష్‌లు గానీ చక్రం బేరింగులు గానీ పోయాయి. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగుతుంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే కోన్ సెట్ అరిగింది. ఈ రెండూ ఇంట్లో అయ్యేవి కావు.

కాగితాలు కూడా చెప్పేస్తా. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు బండి తెచ్చుకునే రోజే పెట్టించుకోండి, అమ్మినాయన 14 రోజుల్లో, కొన్న మీరు 30 రోజుల్లో రవాణా శాఖకి చెప్పాలి, ఫైనాన్స్ ఉన్న బండైతే అప్పు తీరిందని చూపే ఫారం 35 కావాలి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోవాలి. ఛాసిస్ నంబరు తుప్పులో కనపడకపోతే గీకొద్దు, కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి ఆర్సీతో సరిచూడండి.

మా వాడి బండికి ఇంకా ఒకటి మిగిలింది, ముందు ఫోర్క్ రాడ్డు తుప్పుకి గరుకుదేలి ఆయిల్ సీలు కారుతుంది. సీలు ఒక్కటీ మారిస్తే ఆ గరుకు మళ్ళీ కోసేస్తది, రాడ్డు కూడా మార్చాలి. ఆయిల్ బ్రేకు డ్రమ్ము వైపు దిగుతుందని తెలిశాక, పని అయ్యేదాకా ఊళ్ళో పాలకేంద్రానికి తప్ప ఎక్కడికీ తీయొద్దని చెప్పా, చెరువుకి సైకిలు మీద పోతున్నాడు.