సిగరెట్ మానేశాక టర్మ్ ప్రీమియం ఎలా తగ్గించుకున్నానంటే

సిగరెట్ తాగుతానని రాస్తే టర్మ్ పాలసీ (గడువులోగా మనం పోతే ఇంట్లోవాళ్లకు డబ్బొచ్చే బీమా) ప్రీమియం బాగా పెరిగిపోతుంది. "రాయకండి సార్, ఎవరు చూస్తారు" అన్నాడు ఏజెంట్. చూస్తారు. కోటినిన్ (ఒంట్లోకి వెళ్లిన నికోటిన్ మారే పదార్థం) పరీక్షలో దొరికిపోతాం. పైగా ఇన్సూరెన్స్ చట్టం 1938, సెక్షన్ 45 ప్రకారం మొదటి 3 ఏళ్లలో, నిజం దాచారని కంపెనీ పాలసీని ప్రశ్నించవచ్చు. అప్పుడు ఇబ్బంది పడేది ఇంట్లోవాళ్లు. అందుకే ఉన్నదే రాసి, ఎక్కువే కట్టాను.

మానడంలో అసలు కష్టం మాదాపూర్‌లో ఇరానీ చాయ్ దగ్గర. చాయ్ గొంతు దిగగానే చెయ్యి జేబులోకి పోయేది. కొన్నాళ్లు ఆ హోటల్ వైపే వెళ్లలేదు. పొగాకు మానడానికి సాయం చేసే 1800-11-2356 క్విట్‌లైన్‌కి ఫోన్ చేశాను, అది ఉచితం. 2 మి.గ్రా. నికోటిన్ గమ్ వాడాను. దాన్ని అదేపనిగా నమలకూడదు; కాస్త నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకోవాలి.

ఇక్కడో మెలిక ఉంది. గమ్ వాడుతున్నా కోటినిన్ కనిపిస్తుంది! అందుకని గమ్ కూడా ఆపేసి, చాలా కంపెనీలు అడిగే, నికోటిన్ ముట్టని 12 నెలలు దాటాకే నాన్ స్మోకర్‌గా కొత్త పాలసీకి అప్లై చేశాను. పాతదాని ప్రీమియం దానంతటది తగ్గదు మరి. కొత్త పాలసీ చేతికొచ్చేదాకా పాతది కడుతూనే ఉన్నాను. వయసు పెరిగినా కొత్త ప్రీమియం తక్కువే పడింది.