బిగ్ ఈస్ట్ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌ను ఎలా చూడాలి?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ అనగానే చాలామందికి మార్చి మూడో వారంలో ఊపందుకునే ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల జాతీయ సంఘం) టోర్నమెంటే గుర్తొస్తుంది. 68 జట్ల ఆ మహా పోటీకి ముందు, ఒక్కో కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల కూటమి) తన సభ్య జట్ల మధ్య సొంత టోర్నమెంట్ జరుపుతుంది. ఆటలోని ఉత్కంఠ అసలు రుచి తెలిసేది ఆ రోజుల్లోనే అని నా గట్టి నమ్మకం. కొత్తగా చూడాలనుకునేవారు బిగ్ ఈస్ట్ అనే కాన్ఫరెన్స్ జరిపే పురుషుల టోర్నమెంట్‌తో మొదలుపెట్టండి. 1983 నుంచి దాని వేదిక న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే ఇండోర్ స్టేడియం. జట్లు పదకొండే, నాలుగు రోజుల్లో ముగుస్తుంది.

1. ఎవరు దేనికోసం ఆడుతున్నారో తెలుసుకోండి

టోర్నమెంట్ గెలిచిన జట్టుకు ఎన్‌సీఏఏ పోటీలో నేరుగా చోటు దక్కుతుంది. కాన్ఫరెన్స్ విజేతలు పోగా మిగిలిన చోట్లకు జట్లను ఒక సెలక్షన్ కమిటీ ఎంపిక చేస్తుంది. కాబట్టి ఆట మొదలయ్యే ముందే జట్లను మూడు రకాలుగా విడదీసి పెట్టుకోండి: చోటు ఖాయమైనవి, ఇంకొక్క గెలుపు వస్తే కమిటీ కరుణిస్తుందేమోనని చూస్తున్నవి, కప్పు గెలిస్తే తప్ప వేరే దారి లేనివి. ఈ మూడో రకం జట్లను చిన్నచూపు చూడకండి. 2021లో జార్జ్‌టౌన్ ఎనిమిదో సీడ్‌గా (లీగ్ దశలో నిలిచిన స్థానాన్ని బట్టి ఇచ్చే వరుస సంఖ్య) వచ్చింది. అప్పటికి ఆ జట్టు గెలిచిన మ్యాచ్‌ల కన్నా ఓడినవే ఎక్కువ. కోచ్ పాట్రిక్ యూయింగ్ ఆటగాడిగా ఏళ్ల తరబడి ఆ గార్డెన్‌లోనే వెలిగినవాడు. ఫైనల్లో ఆయన జట్టు క్రెయిటన్‌ను 73–48తో చిత్తు చేసింది.

2. బ్రాకెట్‌ను (ఎవరితో ఎవరు ఆడతారో చూపే పట్టికను) మీ చేత్తో గీయండి

ఫోనులో చూస్తే సరిపోదా అనకండి. కాగితం మీద గీస్తేనే దారులు మనసుకు పడతాయి. లీగ్ దశలో మొదటి అయిదు స్థానాల్లో నిలిచిన జట్లకు బై (మొదటి రౌండు ఆడకుండానే ముందుకెళ్లే వీలు) ఉంటుంది, అవి బుధవారం ఆడవు. ఆ రోజు 8–9, 7–10, 6–11 సీడ్‌లు తలపడతాయి. గురువారం క్వార్టర్ ఫైనళ్లలో ఆ విజేతలకు వరుసగా 1, 2, 3 సీడ్‌లు ఎదురవుతాయి, 4–5 సీడ్‌లు పరస్పరం ఆడతాయి. శుక్రవారం సెమీఫైనళ్లు, శనివారం ఫైనల్.

బై విలువ ఒక రోజు విశ్రాంతి మాత్రమే అనుకుంటే పొరపాటు. కింది జట్టు కప్పు కొట్టాలంటే వరుసగా నాలుగు రోజులు గెలవాలి. 2011లో కాన్ఫరెన్స్‌లో 16 జట్లు ఉండేవి. తొమ్మిదో సీడ్ యూకాన్ (కనెటికట్ విశ్వవిద్యాలయం) అయిదు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు గెలిచింది. క్వార్టర్ ఫైనల్లో పిట్స్‌బర్గ్‌పై చివరి క్షణంలో వెనక్కి జరిగి యూకాన్ ఆటగాడు కెంబా వాకర్ వేసిన బాస్కెట్‌ను అభిమానులు ఇప్పటికీ తలచుకుంటారు. ఆ ఊపులోనే యూకాన్ జాతీయ ఛాంపియన్ కూడా అయింది.

3. పక్క కాన్ఫరెన్స్‌ల మీదా ఒక కన్ను వేయండి

ఒకచోట అనుకోని జట్టు కప్పు గెలిస్తే, మరెక్కడో ఆశపడుతున్న జట్టుకు చోటు పోతుంది. 2024లో ఏసీసీ అనే మరో కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌ను పదో సీడ్ నార్త్ కరోలినా స్టేట్ అయిదు రోజుల్లో అయిదు గెలుపులతో ఎగరేసుకుపోయింది. అలాంటి ఫలితాలు ఆ వారం మరికొన్ని వచ్చాయి. ఆదివారం జాబితా వెలువడేసరికి బిగ్ ఈస్ట్ నుంచి మూడు జట్లకే చోటు దొరికింది. సెయింట్ జాన్స్, ప్రావిడెన్స్, సీటన్ హాల్ బయటే ఉండిపోయాయి. ఆ రోజు ఆ మూడు కాలేజీల అభిమానులకు కలిగిన బాధ న్యాయమైనదే.

4. భారత సమయం లెక్క వేసుకోండి

అప్పటికి అమెరికాలో గడియారాలు ముందుకు జరిగి ఉంటాయి కాబట్టి న్యూయార్క్ సమయానికి తొమ్మిదిన్నర గంటలు కలపాలి. గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటల మ్యాచ్ మనకు రాత్రి 9:30కి వస్తుంది. సాయంత్రం ఏడు గంటలదైతే శుక్రవారం తెల్లవారుజామున 4:30కి.

5. స్కోరుతో పాటు ఫౌల్‌లను లెక్కపెట్టండి

కాలేజీ ఆటలో ఇరవై నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలు. అయిదు ఫౌల్‌లు చేసిన ఆటగాడు బయటికి వెళ్లాల్సిందే. వరుస రోజుల్లో ఆడేటప్పుడు కాళ్లు బరువెక్కుతాయి, కాపలా కాసేవాడు అర క్షణం ఆలస్యమవుతాడు, చెయ్యి తగులుతుంది. రెండో అర్ధభాగం మొదట్లోనే ప్రధాన ఆటగాడికి నాలుగో ఫౌల్ పడిందంటే కోచ్ ఏం చేస్తాడో గమనించండి.

కాళ్లు ఎంతగా బరువెక్కగలవో చెప్పే తిరుగులేని ఉదాహరణ 2009 మార్చి 12న మొదలైన క్వార్టర్ ఫైనల్. సిరాక్యూస్, యూకాన్ ఆరు ఓవర్‌టైమ్‌లు (స్కోరు సమమైతే ఆడే అదనపు సమయం) ఆడాయి. చివరికి సిరాక్యూస్ 127–117తో గెలిచేసరికి అర్ధరాత్రి దాటి 1:22 అయింది. మొత్తం 70 నిమిషాల ఆటలో సిరాక్యూస్ ఆటగాడు జానీ ఫ్లిన్ 67 నిమిషాలు కోర్టు మీదే ఉన్నాడు. అదే జట్టు మర్నాడు సెమీఫైనల్లోనూ ఓవర్‌టైమ్ ఆడి గెలిచింది. ఫైనల్లో మాత్రం లూయివిల్ చేతిలో ఓడింది.

6. వీలైతే నేరుగా వెళ్లండి

న్యూజెర్సీలో తెలుగువారు ఎక్కువగా ఉండే ఎడిసన్ నుంచి రైలెక్కితే న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగవచ్చు. గార్డెన్ సరిగ్గా దాని మీదే ఉంది. ఒక్క రోజుకే వీలుంటే ఫైనల్‌ను పక్కన పెట్టి గురువారం వెళ్లమంటాను. ఆ రోజు ఎనిమిది జట్లు, నాలుగు మ్యాచ్‌లు. మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం రెండింటికి విడివిడిగా టికెట్లు ఉంటాయి కాబట్టి కొనేముందు ఏ పూటదో సరిచూసుకోండి. సాయంత్రం రెండో మ్యాచ్ మామూలుగానే రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మొదలవుతుంది, ఓవర్‌టైమ్ పడితే ఇంకా ఆలస్యం. ఇంటికి చేర్చే చివరి రైలు ఎన్నింటికో ముందే రాసిపెట్టుకోండి.